కడియం లేని రఫ్తార్



మొన్న జుమ్మా బయాన్‌లో మా మౌల్వీ సాబ్ బీచ్ రోడ్డు మీద రాత్రిళ్ళు బళ్ళు పరుగెత్తించే కుర్రాళ్ళ గురించి కొంచెం గట్టిగానే చెప్పారు. ఫజూల్ షౌక్ అన్నారు, అమ్మీ అబ్బాల కడుపుకోత అన్నారు. అన్నీ హక్ మాటలే. నమాజ్ అయ్యాక చెప్పులు వెతుక్కుంటుంటే నా వెనక ఇద్దరు పిల్లలు గుసగుసలాడుకోవడం వినబడింది. "హజ్రత్‌కి డ్రాగ్ అంటే ఏంటో తెలీదురా" అని నవ్వుకుంటున్నారు. హజ్రత్‌కి తెలియకపోవచ్చు. కానీ వీళ్ళకి కూడా తెలియదన్నది నా గట్టి అభిప్రాయం. డ్రాగ్ రేసింగ్ అంటే ఏంటో నిజంగా తెలిసినవాడు ఆ రోడ్డు మీద, ఆ బళ్ళతో, ఆ పని చేయడు.

ముందు ఆ చోటు గురించి రెండు మాటలు. మనకి బీచ్ రోడ్డు అంటే మగ్రిబ్ తర్వాత హవా ఖానా, కాల్చిన మొక్కజొన్న పొత్తు, పిల్లల ఐస్‌క్రీం గోల. పెద జాలరిపేట వాళ్ళకి అది వాకిలి. వలలు బాగుచేసుకునేది, చేపలు ఎండేసేది, గంప నెత్తికెత్తుకుని దాటేది ఆ రోడ్డు పక్కనే. "రాత్రి మూడింటికి రోడ్డు ఖాళీ కదా అంకుల్" అంటారు మన పిల్లలు. ఖాళీ మన మొహల్లాకి. జాలరిపేటకి అది పడవ నీళ్ళలోకి తోసే వేళ. మన ఇళ్ళలో తహజ్జుద్‌కి లేచే ముసలమ్మలు ఎలా ఉంటారో, అక్కడ ఆ వేళకి లేచి మొగుడికి గంజి కట్టి ఇచ్చే ఆడవాళ్ళు అలా ఉంటారు. వాళ్ళు తమాషా చూడటానికి రోడ్డు పక్కన నిలబడ్డవాళ్ళు కాదు. రేసుకి వాళ్ళ ఇజాజత్ ఎవడూ అడగలేదు.

ఇక డ్రాగ్ సంగతి. రెండు బళ్ళు పక్కపక్కన నిలబడి, దీపం మారగానే, నిలబడ్డ చోటు నుంచి తిన్నగా పావు మైలు పరుగెత్తాలి. పావు మైలు అంటే 402 మీటర్లు. మలుపులు లేవు, దాటుకోవడాలు లేవు. చూడటానికి ఇంతకంటే తేలికైన పోటీ లేదు. ఇంతకంటే యంత్రాన్ని హింసించే పోటీ కూడా బహుశా లేదు. ఎందుకంటే జోర్ అంతా మొదటి రెండు సెకన్లలో పడుతుంది. ఇంజన్ గిర్రున తిరుగుతూ ఉంటుంది, చక్రం కదలకుండా ఉంటుంది, క్లచ్ వదలగానే ఆ తిరుగుడంతా ఒక్క దెబ్బగా చక్రం మీదకి వెళ్ళాలి. మధ్యలో ఆ దెబ్బని మోసేది ఒక ఉక్కు గొట్టం. దాన్నే ప్రొపెల్లర్ షాఫ్ట్ అంటారు, డ్రైవ్ షాఫ్ట్ అని కూడా అంటారు. బొలెరో కింద, ఈకో వ్యాన్ కింద, పోర్టు నుంచి వచ్చే ప్రతి లారీ కింద అది ఉంటుంది. ఈమధ్య చిన్న కార్లలో ఇంజను ముందు చక్రాలనే తిప్పుతుంది కాబట్టి పొడవైన షాఫ్ట్ ఉండదు, రెండు పొట్టి షాఫ్టులు ఉంటాయి. మోసే బరువు మాత్రం అదే.

నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. షాఫ్ట్ గురించి పిల్లలకి చెప్పాలంటే చాక్‌పీసు చాలు. రెండు చివర్లు పట్టుకుని మెల్లగా మెలితిప్పండి. అది తిన్నగా విరగదు. ఏటవాలుగా, మర చుట్టినట్టు విరుగుతుంది. మెత్తటి ఉక్కు అలా కాదు, అడ్డంగా, కత్తితో కోసినట్టు తెగుతుంది. అంటే విరిగిన ముక్కని చూసి దానికి ఏమైందో చెప్పొచ్చు. హకీం నాడి చూసినట్టు మా మామూ విరిగిన షాఫ్ట్ ముఖం చూస్తారు. ఆయన సంగతి తర్వాత చెప్తాను.

ఇంకో లెక్క. షాఫ్ట్‌ని మెలితిప్పినప్పుడు జోర్ ఎక్కువగా పడేది పై చర్మం మీద, నడుమ ఉన్న ఉక్కు దాదాపు ఖాళీగా కూర్చుంటుంది. అందుకే దాన్ని గొట్టంలా చేస్తారు. నిండు కడ్డీలో సగం వ్యాసం మేరకు నడిమి భాగం తీసేస్తే బరువు నాలుగో వంతు తగ్గుతుంది, మెలికని తట్టుకునే తాకత్ మాత్రం నూటికి ఆరు వంతులే తగ్గుతుంది. అదే ఉక్కు కడ్డీ లావు రెట్టింపు చేస్తే తాకత్ ఎనిమిది రెట్లవుతుంది. పొడవు విషయం తిరగబడుతుంది. షాఫ్ట్ పొడవు రెట్టింపైతే, అది తాడాటలో తాడులా వంగి ఊగడం మొదలుపెట్టే వేగం నాలుగో వంతుకి పడిపోతుంది. అందుకే పొడవాటి లారీల్లో షాఫ్ట్‌ని రెండు మూడు ముక్కలు చేసి మధ్యలో సెంటర్ బేరింగ్ పెడతారు. ఏదో కంపెనీవాడి నఖ్రా అనుకుని ఆ బేరింగ్ రబ్బరు అరిగిపోయినా మార్చని ఓనర్లు నాకు తెలుసు.

గేరు సంగతి కూడా చూడండి. ఇంజన్ నూరు న్యూటన్ మీటర్ల మెలిక ఇస్తుందనుకుందాం. మొదటి గేరు నిష్పత్తి మూడున్నర అయితే షాఫ్ట్ మీదకి వచ్చేది మూడు వందల యాభై. వెనక హౌసింగ్‌లో క్రౌన్ నాలుగు రెట్లు చేస్తే చక్రాల ఇరుసుల మీద పద్నాలుగు వందలు. ఇది ప్రశాంతంగా నడిపినప్పటి హిసాబ్. క్లచ్ ఒక్కసారి వదిలేస్తే ఫ్లైవీల్‌లో దాచుకున్న తిరుగుడు కూడా దీనికి తోడవుతుంది. కంపెనీ ఇంజనీరు ఈ లెక్కలన్నీ వేసే షాఫ్ట్ పెట్టాడు. ఎవరికోసం? ఐదుగురు ఎక్కి, నాలుగు సూట్‌కేసులు పెట్టుకుని సింహాచలం ఘాటు ఎక్కేవాళ్ళ కోసం.

ఇప్పుడు మన కుర్రాడు ఏం చేస్తాడు? ఇంజన్ జోర్ పెంచుతాడు. కంప్యూటర్ రీమ్యాప్ అంటాడు, సైలెన్సర్ మారుస్తాడు, వెడల్పాటి జిగురు టైర్లు వేస్తాడు. డబ్బంతా చెవికి వినబడేచోట, కంటికి కనబడేచోట పెడతాడు. కింద ఉన్న షాఫ్ట్ అదే, క్రాస్ అదే, నాలుగేళ్ళుగా గ్రీజు మొహం చూడనివే. ఇక్కడ ఒక చిన్న ముచ్చట ఉంది, దయచేసి జాగ్రత్తగా వినండి. మామూలు టైరుతో క్లచ్ గట్టిగా వదిలితే టైరు జారుతుంది. పొగ వస్తుంది, పిల్లలు కేకలేస్తారు, కానీ షాఫ్ట్ బతుకుతుంది. అంటే ఆ టైరు మన ఇంట్లో ఫ్యూజ్ లాంటిది. రోడ్డుని గట్టిగా పట్టే టైరు వేశామంటే ఫ్యూజ్‌లో లావు తీగ పెట్టామన్నమాట. ఇక కాలేది ఫ్యూజ్ కాదు, గోడలో వైరు.

ఈ మాట జాలరిపేటలో ఏ పడవవాడికి చెప్పినా వెంటనే అర్థమవుతుంది. పడవ వెనక తగిలించే చిన్న మోటార్లకి పంకా దగ్గర ఒక మెత్తటి పిన్ను ఉంటుంది. పంకా రాయికో దుంగకో తగిలితే ఆ పిన్ను తెగిపోవాలి, లోపలి గేర్లు బతకాలి. దాని పనే తెగడం. ఒకసారి ఒక జాలరి అన్న మా మామూ దగ్గరికి వచ్చాడు. "సాయిబుగోరూ, ఈ పిన్ను మాటిమాటికీ ఇరిగిపోతంది, ఉక్కుది గట్టిది సేసి ఇయ్యండి" అన్నాడు. మామూ "అది ఇరగడానికే పెట్టారు తమ్ముడూ" అని మెత్తటి పిన్నులే నాలుగు కోసి చేతిలో పెట్టారు. సముద్రం మధ్యలో గేరు పోతే వాడు తెడ్డు వేసుకుని రావాలి. పిన్ను పోతే పది నిమిషాల పని. ఇంకోటి కూడా ఆ అన్నే చెప్పాడు. కెరటం మీద పడవ తోక లేచినప్పుడు పంకా గాలిలో తిరిగి ఇంజన్ అరుస్తుంది, మళ్ళీ నీళ్ళలో పడగానే ఒక్క దెబ్బ తగులుతుంది, షాఫ్ట్‌కి అసలు చావు అక్కడే అని. జారుతున్న టైరు ఉన్నట్టుండి రోడ్డు పట్టుకున్నప్పుడు తగిలే దెబ్బ కూడా అచ్చం అదే. ఆయన ఇంజనీరింగ్ చదవలేదు. మన పిల్లల్లో సగం మంది చదువుతున్నారు.

సరే, షాఫ్ట్ విరిగింది. ఏమవుతుంది? వెనక క్రాస్ విరిగితే కొంత నయం. గొట్టం రోడ్డు మీద ఈడ్చుకుంటూ, చాలాసార్లు గేర్‌బాక్స్ నుంచి జారి బయటికి పోతుంది. వెనక వచ్చేవాడి నసీబ్. ముందు క్రాస్ విరిగితే వేరే కథ. షాఫ్ట్ ముందు కొస కిందకి జారి రోడ్డులో గుచ్చుకుంటుంది, వెనక కొస ఇంకా బండిని పట్టుకునే ఉంటుంది. ఆటల పోటీల్లో పొడవాటి కర్ర నేలకి గుచ్చి గాలిలోకి ఎగురుతారే, ఆ కర్ర ఈ షాఫ్ట్, ఎగిరేది కారు. గుచ్చుకోకపోతే తిరుగుతున్న గొట్టం కొరడాలా ఊగి కారు అడుగు రేకుని కొడుతుంది. అడుగున పెట్రోలు పైపు ఉంటుంది, బ్రేకు పైపు ఉంటుంది, ఆ రేకుకి ఇవతల మీ కాళ్ళు ఉంటాయి.

అసలైన డ్రాగ్ రేసింగ్ వాళ్ళు దీనికి ఏం చేశారో చూడండి. అమెరికాలో ఈ పందేలకి పెద్ద సంస్థ ఎన్.హెచ్.ఆర్.ఎ. 1951లో వాలీ పార్క్స్ అనే ఆయన పెట్టారు. పెట్టడమే రోడ్ల మీద పరుగెత్తే కుర్రాళ్ళని ఒక చోటుకి, ఒక కానూన్ కిందకి తేవడానికి. వాళ్ళ నిబంధనల్లో ఒకటి, పావు మైలుని 14 సెకన్ల లోపు దాటే కారు, స్లిక్ టైర్లు వేసుకుంటే, షాఫ్ట్ చుట్టూ ఒక ఉక్కు కడియం తప్పనిసరి. పావు అంగుళం మందం, రెండు అంగుళాల వెడల్పు ఉన్న పట్టీ, షాఫ్ట్ చుట్టూ పూర్తిగా తిరిగి, ముందు క్రాస్ నుంచి ఆరు అంగుళాల లోపు ఉండాలి. బండి చాసిస్‌కి గట్టిగా బిగించాలి. షాఫ్ట్ తెగినా కింద పడకుండా, పైకి లేవకుండా ఆ కడియం పట్టుకుంటుంది. అంతే. అది బండిని ఒక్క అంగుళం కూడా వేగంగా నడపదు, ఎవరికీ కనబడదు, ఫోటోలో రాదు. మన పిల్లల బళ్ళలో అది ఎందుకు లేదో ఇప్పుడు అర్థమైందా?

ఈ నిబంధనలేవీ ఆఫీసు గదిలో కూర్చుని రాసినవి కావు. డాన్ గార్లిట్స్ అనే ఆయన ఈ పందెంలో మహా ఉస్తాద్. 1970 మార్చి 8న కాలిఫోర్నియాలోని లయన్స్ ట్రాక్ మీద ఆయన కారు బయల్దేరుతూనే కాళ్ళ మధ్య ఉన్న ట్రాన్స్‌మిషన్ పేలిపోయింది. కుడి పాదంలో కొంత భాగం పోయింది. ఆసుపత్రి మంచం మీదే ఆయన ఇంజన్‌ని డ్రైవరు వెనక్కి మార్చిన కారు గురించి ఆలోచించాడు, మరుసటి ఏడు దానితోనే వచ్చి గెలిచాడు. ఆ తర్వాత అందరూ అలాంటి కార్లే కట్టారు. 2008లో స్కాట్ కలిటా అనే రేసర్ చనిపోతే, పెద్ద కార్ల పందెం దూరాన్నే పావు మైలు నుంచి వెయ్యి అడుగులకి తగ్గించేశారు. అంటే ఆ ఖేల్‌కి పెద్దలు ఉన్నారు. ఏదో విరుగుతుంది అని ముందే నమ్మి, విరిగినప్పుడు మనిషి ఎలా బతకాలని ఆలోచించిన ఖౌఫ్ ఉంది అక్కడ. బీచ్ రోడ్డు మీద ఉన్నది ఖౌఫ్ లేనితనం. దాన్ని హిమ్మత్ అని మనం పొరబడుతున్నాం.

ఇప్పుడు మామూ సంగతి. మా అమ్మీ తమ్ముడు. గాజువాక వైపు చిన్న లేతు షాపు. ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న ఊరు కదా, ఉక్కుకేం తక్కువ అనుకుంటారు జనం. మన ఫ్యాక్టరీలో వచ్చేది ఎక్కువగా ఇళ్ళకి, వంతెనలకి వేసే కడ్డీలు, తీగ చుట్టలు, దూలాలు. షాఫ్ట్‌కి కావాల్సిన ఉక్కు జాతి వేరు. లేతు షాపుల్లో ఈఎన్ 8 అంటే మామూలు పనికి, ఈఎన్ 19, ఈఎన్ 24 అంటే జోర్ మోసే పనికి అని షాగిర్ద్ పిల్లలకి కూడా తెలుసు. ధరలో తేడా కూడా తెలుసు. పాత సామాను కొట్లో ఏ జాతిదో తెలియని కడ్డీ కొనుక్కొచ్చి "దీన్నే తిప్పెయ్ భాయ్" అనే గ్రాహక్‌లు రోజుకొకరు వస్తారు. గ్రైండర్ మీద పెట్టి మెరుపులు చూసి కార్బన్ ఎక్కువో తక్కువో మామూ అందాజుగా చెప్పగలరు. అందాజు మీద షాఫ్ట్ మాత్రం చేయరు.

విరిగిన షాఫ్ట్ ముఖం చూస్తారని చెప్పాను కదా. ఒక్క దెబ్బకి తెగినది ఒకలా ఉంటుంది. నెలల తరబడి లోపల పగులు పాకి పాకి తెగినదాని మీద సన్నటి గీతలుంటాయి, ఒకదాని వెనక ఒకటి, ఆటుపోట్లు వెళ్ళాక ఇసుక మీద మిగిలే గీతల్లాగా. ఇంజనీర్లు కూడా వాటిని బీచ్ మార్కులనే అంటారు. చివర్లో తెగిన చిన్న ముక్క మాత్రం గరుకుగా, తాజాగా మెరుస్తుంది. ఆ గీతలు ఎక్కడ మొదలయ్యాయో వెతికితే ఎక్కువగా దొరికేవి మూడు. తుప్పు గుంట, పదునైన గాడి, లేదా వెల్డింగ్ మచ్చ. మనది సముద్రం ఊరు, ఉప్పు గాలి. బయటికి ఎర్రగా కనబడే తుప్పుకంటే దాని కింద సూది మొనంత గుంట ప్రమాదం. ఉప్పు తగిలిన ఉక్కుకి "ఇంత బరువు వరకు ఎన్నేళ్ళైనా పరవాలేదు" అనే హద్దు ఉండదు, చిన్న బరువుకైనా ఏదో ఒక రోజు అలిసిపోతుంది.

వెల్డింగ్ గురించే నాకు అసలు చెప్పాలని ఉంది. షాఫ్ట్ పగిలితే కొత్త గొట్టం వేసి, రెండు కొసల క్రాసులు ఒకే వరుసలో ఉండేలా చూసి, అతికి, మిషన్ మీద బ్యాలెన్స్ చేయాలి. వరుస తప్పితే ఒక క్రాస్ పుట్టించిన కుదుపుని రెండోది సర్దదు, ఇంకా పెంచుతుంది. ఈ పని చేయడానికి ఒక పూట, మంచి ఖర్చు. రోడ్డు పక్కన మామూలు రాడ్డుతో చుట్టూ ఒక వరస వెల్డింగ్ కొట్టడానికి పావుగంట, కొద్దిపాటి డబ్బు. అతుకు పక్కన కాలిన ఉక్కు గుణం మారిపోతుంది, విరిగేది అక్కడే. గ్రాహక్ పావుగంట పనే అడుగుతాడు. మామూ కాదంటారు. పక్క షాపువాడు చేస్తాడు. మామూ రోజీ ఆ మేరకు తగ్గుతుంది. మన ఖాందాన్లలో ఎంతమంది మెకానిక్కులు, వెల్డర్లు, లేతు మిస్త్రీలు ఉన్నారో లెక్కపెట్టండి. ప్రతి ఇంట్లో ఒకరు. హలాల్ రోజీ అంటే మాంసం కొట్టు దగ్గర చూసుకునేదే అనుకుంటాం. తిరిగే ఇనుముని చేతికిచ్చి "పో, పరవాలేదు" అనడం కూడా ఒక గవాహీనే. ఆ గవాహీ ఝూఠా అయితే తెలిసేది ఘాట్ రోడ్డు మీద.

కానీ మిస్త్రీ ఒక్కడి మీద జిమ్మేదారీ వేసి చేతులు దులుపుకోవడం నాకు ఇష్టం లేదు. పెద్దింటి అబ్బాయి కారు తెచ్చి డబ్బు పడేస్తే, రాత్రంతా కింద పడుకుని బిగించేది పదహారేళ్ళ మన షాగిర్ద్. తెల్లారి టెస్ట్ అని రోడ్డు మీద నడిపేదీ వాడే. ఏదైనా జరిగితే కారు పేపర్లు ఉన్నవాడికి వకీలు ఉంటాడు. వీడికి అమ్మీ ఒక్కతే పోలీస్ స్టేషన్ మెట్ల మీద కూర్చుంటుంది. ఆ పిల్లాడి చేతిలో హునర్ ఉంది, వాడు నిజంగా ఇంజన్ విని రోగం చెప్పగలడు. వాడిని తిట్టేవాళ్ళే తప్ప, ఆ హునర్‌కి ఐటీఐ సర్టిఫికెట్ ఒకటి జోడిద్దామని కూర్చుని మాట్లాడినవాళ్ళు మొహల్లాలో నాకు కనబడలేదు.

కానూన్ సంగతి తల్లిదండ్రులు తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం రోడ్డు మీద రేసుకి మొదటిసారి మూడు నెలల దాకా ఖైదు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. 2019లో పెంచారు. అదే ఏడు వచ్చిన 199ఎ సెక్షన్ ఇంకా కఠినం. మైనర్ బండి నడిపి నేరం చేస్తే తండ్రికో బండి ఓనరుకో మూడేళ్ళ దాకా జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు. బండిని కంపెనీ ఇచ్చిన తీరుకి విరుద్ధంగా మార్చడం 52వ సెక్షన్ కింద నిషేధం. టెన్త్ పాసయ్యాడని బైకు, అలిగాడని బైకు, నికాహ్‌లో జహేజ్ కింద బైకు. ఆడపిల్ల అబ్బా అప్పు చేసి కొన్న బండి మీద అల్లుడు బీచ్ రోడ్డులో ముందు చక్రం లేపుతుంటాడు. 2011 సెప్టెంబరులో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద వెయ్యి సీసీ బైకు ప్రమాదంలో అజహరుద్దీన్ కొడుకు అయాజుద్దీన్ పోయినప్పుడు ఆ అబ్బాయికి పంతొమ్మిదేళ్ళు. ఆ వారమంతా మన ఇళ్ళలో ఎంత ఏడుపు. తర్వాతి రంజాన్‌కి మన వీధిలో బైకులు ఏమైనా తగ్గాయా?

బైకుకి షాఫ్ట్ లేదు కదా, చైనే కదా అంటారు. చైన్ గురించే చెప్తాను, ఇది మన ఆడవాళ్ళ సంగతి. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 123వది ఒకటుంది. వెనక కూర్చున్నవారికి పట్టుకోవడానికి పిడి, కాలు పెట్టుకోవడానికి ఆధారం, వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలి, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా. దాన్నే మనం శారీ గార్డ్ అంటాం. స్పోర్ట్స్ లుక్ కోసం మన కుర్రాడు మొదట పీకేసేది అదే. తర్వాత చైన్ కవర్. మా దూరపు చుట్టాల్లో ఒక అమ్మాయి, డిగ్రీ చదువుతోంది, అన్న వెనక కూర్చుని కాలేజీకి వెళ్తుంటే బుర్ఖా కొస చైన్లోకి వెళ్ళింది. బండి నెమ్మదిగానే ఉంది, రేసు కాదు ఏం కాదు. బతికింది, అల్‌హందులిల్లాహ్. మెడ దగ్గర, భుజం మీద ఆ గుర్తు ఇప్పటికీ ఉంది. ఆమె సంబంధాల సమయంలో ఆ మచ్చ గురించి అడిగినవాళ్ళే తప్ప, ఆ గార్డ్ ఎవడు పీకాడని అడిగినవాళ్ళు లేరు. రేసు బండికి షాఫ్ట్ కడియం, మన బండికి శారీ గార్డ్, లేతు మిషన్‌కి మూత, చెరుకు రసం మిషన్‌కి జాలీ, అన్నీ ఒకే ఖాందాన్. తిరిగే ఇనుముకి బట్టకీ మాంసానికీ తేడా తెలియదు.

ఇలా రేసుల్లో ఎహతియాత్ గురించి రాస్తే నువ్వు రేసులకి హౌసలా ఇస్తున్నావని కొందరు పెద్దలు అంటారు. ఇంతకుముందు అన్నారు కూడా. నేను ఒప్పుకోను. వద్దని మనం పదేళ్ళుగా చెప్తున్నాం. పోలీసులు బళ్ళు పట్టుకుంటున్నారు, తండ్రుల్ని పిలిచి కౌన్సెలింగ్ చేస్తున్నారు, కుర్రాళ్ళు నెల తర్వాత ఇంకో గంటకి, ఇంకో ముక్క రోడ్డుకి మారుతున్నారు. జాలరిపేట దగ్గర గట్టిచేస్తే రుషికొండ వైపు, అక్కడ గట్టిచేస్తే భీమిలి వైపు. 189వ సెక్షన్‌లోనే ఒక మాట ఉంది, రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వక అనుమతి లేకుండా రేసు పెట్టడం నేరమని. అంటే అనుమతితో పెట్టొచ్చు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున రోడ్లు మూసేసి, గోడలు కట్టి ఫార్ములా ఈ రేసు జరిపారు. ఆ మరుసటి ఏడు అది రద్దయింది, దాని రాజకీయం మనకొద్దు. నేను అడిగేది దానిలో వందో వంతు కూడా కాదు. తిన్నటి రోడ్డు 402 మీటర్లు, ఆగడానికి దానికి రెండింతలు, రెండు వైపులా కంచె, ఒక అంబులెన్సు, బండి కింద దూరి షాఫ్ట్, క్రాస్, కడియం చూసి "నువ్వు పో, నువ్వు ఆగు" అని చెప్పే ఇద్దరు మిస్త్రీలు. ఆ మిస్త్రీలు మన మొహల్లాల్లోనే ఉన్నారు. అంత తిన్నటి రోడ్డు, మనుషులు వాకిలిగా వాడుకోనిది, ఈ జిల్లాలో ఎక్కడా దొరకదంటే నమ్మను.

అలాంటి చోటు ఉంటే అందరూ అక్కడికే పోతారని నేను అనుకోను. రోడ్డు మీద దొరికే తాళీలు, మొబైల్ వీడియోలు అక్కడ దొరకవు. కానీ హునర్ ఉన్న షాగిర్ద్ పోతాడు. వాడికి ఎవరో ఒకరు బండి కింద చూసి ఇది తప్పు, ఇది సరి అని చెప్పాలి. బండి మీద ఉన్న పిచ్చి పోదు, కనీసం దానికి ఉస్తాద్ దొరుకుతాడు.

మామూ ఈ మధ్య షాఫ్ట్ పని వస్తే బ్యాలెన్సింగ్ కోసం బయటికి పంపాల్సి వస్తోంది, రానుపోను రెండు రోజులు, గ్రాహక్ ఆగడు. గాజువాక ఆటోనగర్ చుట్టుపక్కల, లేదా అనకాపల్లి, శ్రీకాకుళం వైపు లారీ షాఫ్ట్‌ని మిషన్ మీద సరిగ్గా బ్యాలెన్స్ చేసి ఇచ్చే మన భాయ్‌లు ఎవరైనా ఉంటే, ఎంత తీసుకుంటారో కూడా నాకు రాయండి. ఆయన అడగమన్నారు.